తెల్లటి గడ్డ

కాలికి గ్రాఫ్టు (మూసుకుపోయిన రక్తనాళానికి బదులు కుట్టే గొట్టం) వేసి ఆరు రోజులైంది. నిన్నటిదాకా వెచ్చగా ఉన్న పాదం ఈ ఉదయం చల్లబడింది. రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్ పరికరం పెట్టి వెతికినా నాడి చప్పుడు లేదు. అలాంటప్పుడు సర్జన్‌కు మొదట అనుమానం వచ్చేది తన కుట్టు మీదే. రోగిని మళ్లీ బల్ల ఎక్కిస్తాం, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంకాస్త ఇస్తాం. మిత్రులారా, ఆ హెపారిన్ ఇచ్చే ముందు రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్ల లెక్క చూశారా అని అడగడానికే నేను వచ్చాను.

గ్రాఫ్టు తెరిస్తే ముదురు ఎరుపు గడ్డకు బదులు తెల్లటి ముద్ద బయటపడుతుంది. అది ప్లేట్‌లెట్ల ముద్ద, హెపారిన్ వల్లే వచ్చే హెచ్‌ఐటీ (హెపారిన్ ప్రేరిత త్రాంబోసైటోపీనియా) అనే స్థితికి గుర్తు. 1958లోనే వైస్‌మన్, టోబిన్ అనే వైద్యులు హెపారిన్ వాడుతున్న పదిమందికి ధమనులు మూసుకుపోయిన తీరును వివరించారు. కానీ గడ్డకట్టకుండా ఇచ్చే మందే గడ్డలు కట్టిస్తుందంటే ఎవరికి నమ్మబుద్ధి అవుతుంది?

జరిగేది ఇది. ప్లేట్‌లెట్లు విడుదల చేసే ప్లేట్‌లెట్ ఫ్యాక్టర్ 4 అనే ప్రొటీను ధనావేశం గలది, హెపారిన్ రుణావేశం గలది. రెండూ అతుక్కుంటే ప్రొటీను రూపు మారుతుంది. ఒంటికి అది పరాయిదిగా తోచి, యాంటీబాడీలు పుడతాయి. ఆ యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను రెచ్చగొడతాయి, ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి ఖర్చయిపోతాయి. లెక్క పడిపోయింది కాబట్టి రక్తస్రావం అవుతుందని భయపడతాం గానీ, ఇక్కడ అసలు ముప్పు గడ్డలతోనే.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజుల్లో లెక్క తగ్గడం మామూలే. అయిదు నుంచి పది రోజుల మధ్య సగానికి సగం పడిపోతే మాత్రం ఉలిక్కిపడాలి. మూడు లక్షలు ఒకటిన్నర లక్షకు దిగితే, ‘ఇంకా లక్షన్నర ఉన్నాయిగా’ అని కాగితం పక్కన పెట్టేయడం నేను చూసిన పొరపాట్లలో పెద్దది. గత మూడు నెలల్లో హెపారిన్ తీసుకున్నవారిలోనైతే ఒక్క రోజులోనే పడిపోవచ్చు.

అనుమానం గట్టిగా ఉంటే పరీక్ష ఫలితం కోసం కూర్చోకుండా హెపారిన్ ఆపి, గడ్డకట్టకుండా ఆపే ఆర్గాట్రోబాన్ లాంటి మరో మందుకు మారాలి. ఒక్క హెపారిన్ ఆపితే సరిపోదు, ఎందుకంటే గడ్డలు కట్టడం అక్కడితో ఆగదు. గడ్డకట్టకుండా మింగే మాత్ర వార్ఫరిన్‌కు తొందరపడకూడదు. అది ముందుగా గడ్డలను అడ్డుకునే ప్రొటీన్ సి ని తగ్గిస్తుంది, కాలు కుళ్లే పరిస్థితి రావచ్చు. ప్లేట్‌లెట్లు తిరిగి లక్షన్నరకు చేరాకే దాని ఊసు ఎత్తాలి.

ఇంకొకటి. మందుల పట్టీలో హెపారిన్ కొట్టేసినా, లైను మూసుకుపోకుండా ఎక్కించే ఫ్లష్ ద్రవంలో అది ఉండవచ్చు. రక్తనాళంలో పెట్టే సన్నని గొట్టం, అంటే కాథెటర్ పూతలోనూ ఉండవచ్చు. కొన్ని గ్రాఫ్టుల లోపలి గోడకే హెపారిన్ అంటించి ఉంటుంది. డ్రిప్ ఆపినట్టు దాన్ని ఆపలేం. ఆ గ్రాఫ్టును ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ రోగిని చూసి తేల్చుకోవలసిందే.