ఏబీఎస్ ఫ్యూజ్ పీకేయమన్నారు, పీకి చూశా!

నమస్తే అన్నలూ, అక్కలూ. నా చేతిలో ఉన్నది చూడండి, గోరంత ఫ్యూజ్. "ఇది పీకెయ్ అన్నా, లొల్లి వదిలిపోతది" అన్నాడు హన్మకొండలో ఒక మెకానిక్. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం తిరగడం ఆగి జారిపోకుండా, అంటే లాక్ అవకుండా, బ్రేకును వదిలి పట్టేది. లొల్లి ఏంటంటే, నా పాత బండిలో పసుపు రంగు ఏబీఎస్ లైటు వస్తూ పోతూ ఉంది, సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపుతుంటే కూడా పెడల్ కాలికింద గడగడా కొట్టుకుంటోంది. ఇంకో చోటైతే మాడ్యూలే, అంటే ఏబీఎస్‌ను నడిపే డబ్బానే పోయింది, మార్చాలన్నారు. ఆ రేటు విని నాకు చెమటలు పట్టాయి.

తీరా చూస్తే ముందు చక్రం దగ్గర స్పీడ్ సెన్సార్ మీద మొరం మట్టి, ఇనుప రజను కలిసి గడ్డకట్టాయి. సిగ్నల్ సరిగ్గా అందక, తిరుగుతున్న చక్రం ఆగిపోయిందనుకుని ఏబీఎస్ ఊరికే పనిచేస్తోంది. విప్పి గుడ్డతో తుడిచి బిగిస్తే లైటు మళ్లీ రాలేదు. అంతే.

అయినా పీకితే ఏమవుతుందో చూడాలి కదా! హసన్‌పర్తి అవతల ఒక ఖాళీ వెంచర్‌కు పోయా. హద్దురాళ్లు తప్ప పురుగు లేదు. మొరం మీద నలభైలో గట్టిగా బ్రేకు కొడితే, నిజం చెప్పాలి, ఫ్యూజ్ తీసినప్పుడే బండి కాస్త ముందు ఆగింది. లాకైన చక్రం తన ముందు మట్టిని కుప్పగా తోసుకుంటుంది, ఆ కుప్పే అడ్డం పడుతుంది. పీకేయమనేవాళ్లు చెప్పేది ఇదే, అబద్ధం కాదు. కానీ అదే బ్రేకు మీద ఉండి స్టీరింగ్ కుడికి తిప్పా చూడండి, చక్రాలు కుడికి మళ్లాయి, బండి మాత్రం నేరుగా హద్దురాయి మీదికే! బ్రేకు మీంచి కాలు తీశాకే పక్కకు వచ్చింది. ఫ్యూజ్ పెట్టి చేస్తే పెడల్ కొట్టుకుంటూనే రాయిని తప్పించుకుని ఆగింది.

మన దగ్గర ఇంకోటి ఉంది. కోతలప్పుడు పరకాల వైపు పోతే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు వడ్ల మీదికి ఎక్కుతాయి, కుడివి తారు మీదే ఉంటాయి. అప్పుడు బ్రేకు పడితే తారు వైపు పట్టు ఎక్కువ కాబట్టి బండి అటే, అంటే లారీ వైపే గుంజుతుంది. ఏబీఎస్ ఉంటే ఏ చక్రం జారుతుంటే దానికి ప్రెషర్ వదిలి మళ్లీ పడుతుంది, స్టీరింగ్ మన మాట వింటుంది. ఇది చేసి చూపించమని అడగకండి, నాకు పెళ్లాం పిల్లలున్నారు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. ఈబీడీ, అంటే ముందు వెనక చక్రాలకు బ్రేకు ఎంతెంత పడాలో పంచేది, అది కూడా ఆ మాడ్యూల్‌లోనే ఉంటుంది. ఫ్యూజ్ తీస్తే చాలా బండ్లలో అదీ పోతుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంది. గట్టిగా బ్రేకు పడితే బరువంతా ముందుకొస్తుంది, వెనక తేలికవుతుంది, వెనక చక్రాలు ముందే లాకై బండి గిర్రున తిరగొచ్చు. మాడ్యూలే తీసేసి పైపులు నేరుగా కలిపేవాళ్లూ ఉన్నారు, నేనైతే ఆ బండి ఎక్కను. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కూడా, పీకేశాక యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లతో ఏం మాట్లాడతారు?

ఇదిగో, ఫ్యూజ్ మళ్లీ పెట్టేస్తున్నా. స్టార్ట్ చేశా... లైటు వచ్చింది, పోయింది. ఓకే. టైర్లు మాత్రం బాగా అరిగాయి, కొత్తవి వేయించి ఇదే మొరం మీద మళ్లీ బ్రేకు కొడతా.