ముందు అప్‌లింక్ లైటు చూడండి

వేదిక మీది పెద్దలకు, పాలిటెక్నిక్ పిల్లలకు నమస్కారం. శాలువాలు తర్వాత చూసుకుందాం, నాకిచ్చింది పావుగంటే.

పోర్ట్ ఎక్స్‌టెండర్ అంటే ర్యాక్‌లో ఒక్క యూనిట్ ఎత్తుండే డబ్బా. కంప్యూటర్ల మధ్య డేటా నడిపే స్విచ్ కింద ఉండి, దానికి పోర్టులు, అంటే వైర్లు గుచ్చే చోట్లు, పెంచుతుంది. సాధారణంగా 48 పోర్టులు, పై స్విచ్‌కి వెళ్లే కొన్ని అప్‌లింకులు, రెండు పవర్ సప్లైలు, ఫ్యాన్లు. పవర్ సప్లై ఒకటి పోతే రెండోదాని మీద నడుస్తుండగానే మార్చుకోవచ్చు. ఫ్యాన్ల గాలి ఎటు కొడుతుందో చూసి కొనాలి. ర్యాక్ అంతా ఒక దిక్కు, ఇదొక్కటి ఇంకో దిక్కు అయితే, మన రామగుండం ఎండల్లో పక్క మిషన్ల వేడంతా దీనికే.

అసలు సంగతి, దీనికి సొంత నిర్ణయం ఉండదు. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2012లో తెచ్చిన 802.1బీఆర్ ప్రమాణం ప్రకారం డేటా ఎటు పోవాలో చెప్పేది పై స్విచ్చే. పక్కపక్క పోర్టుల్లోని రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలన్నా డేటా పైదాకా పోయి రావాల్సిందే.

ఇది తెలియక ఏమైందో చెప్తాను. పేరెందుకు గానీ, హన్మకొండలో ఒక ఆఫీసు. పొద్దున్నే ఫోన్. "సార్, డబ్బా కాలిపోయింది, కొత్తది తెప్పియ్యాలె." పోయేసరికి కొటేషన్ తయారు! ఫ్యాన్లు తిరుగుతున్నాయి, పవర్ లైటు పచ్చగా ఉంది, పోర్టు లైట్లు మాత్రం ఒక్కటీ లేవు. కాలిపోయిన డబ్బాకు ఫ్యాన్లు తిరుగుతాయా తమ్ముడూ? అప్‌లింక్ దగ్గర చూస్తే లైట్ల మీద నల్ల టేపు! రాత్రి డ్యూటీ ఆయనకు మిణుకుమిణుకు చూస్తే నిద్ర పట్టదట. టేపు పీకితే అప్‌లింక్ లైటు లేదు. ఆ వైరు తగిలించే ఫైబర్ మాడ్యూల్ సగం బయటికొచ్చి ఉంది. పై స్విచ్‌తో మాట తెగింది, అందుకే పోర్టులన్నీ మూగబోయాయి. లోపలికి నొక్కితే టక్‌మంది. కాసేపటికి లైట్లన్నీ వరసగా వచ్చాయి. కొటేషన్ మాత్రం ఫైల్లోనే ఉంచారు, "మళ్లా అవసరం పడ్తది" అని. నాకు మండదా?

లైట్ల సంగతి కొంచెం చెప్పి ముగిస్తాను. పచ్చ అంటే లింక్ ఉన్నట్టు. టకటకా కొట్టుకుంటే డేటా పోతున్నట్టు. కాషాయం కంపెనీని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడాలి. ఆన్ చేసిన కొత్తలో కాసేపు వెలిగితే స్వీయ పరీక్ష కావచ్చు, అలాగే ఉండిపోతే లోపం వెతకాలి. కొన్నింటికి నీలం లైటు ఉంటుంది, ఇక్కడ కమాండ్ కొడితే అక్కడ వెలిగి "నేనే" అని డబ్బాను చూపిస్తుంది. పది ఒకేలాంటి డబ్బాల్లో తప్పుదాని వైరు పీకకుండా కాపాడేది అదే. ఒక్కటి మరిచిపోకండి, పచ్చ లైటుంటే వైరు బాగున్నట్టే గానీ మీ సర్వర్ పనిచేస్తున్నట్టు కాదు.

ప్రిన్సిపాల్ గారూ, ఇందాక మీ ల్యాబ్ చూశాను. ర్యాక్ ముందర బీరువా పెట్టారు. లైట్లు ఎవరికీ కనబడవు. మధ్యాహ్నం భోజనాల లోపల దాన్ని జరిపించండి, నలుగురు పిల్లలు చాలు.