“ప్లైవుడ్ తుపాకీ” అని నవ్వారుగా? అయితే ఒక డాలర్ నోటు తీసుకుని రండి!

హాయ్ అండీ, నమస్తే. పోయిన వీడియోలో నేను గరాజ్‌లో పొరలు అతికించి చేసుకున్న రైఫిల్ స్టాక్ చూపించాను కదా, అదే, భుజానికి ఆనించుకునే చెక్క భాగం. ఒకే వాల్నట్ (అక్రోటు) దుంగని చెక్కి చేసే ఏకచెక్క కంటే ఇదే మేలు అన్నాను. అంతే, తేనెతుట్టె కదిపినట్టయింది. “ప్లైవుడ్ తుపాకీ” అని ఒకరు, “ఫర్నిచర్ షాపు రైఫిల్” అని ఇంకొకరు. సరే, ఈరోజు వెనక్కి తగ్గట్లేదు, ఇంకో మెట్టు ఎక్కుతున్నాను. వినండి: మీరు మురిసిపోయే ఆ ఏకచెక్క మీ గురిని దొంగిలిస్తోంది. మీ కళ్ల ముందే.

ముందు ఇండియా నుంచి చూసేవాళ్లకి ఒక మాట. నేనుండేది విస్కాన్సిన్. ఇక్కడ నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ చుట్టూ తొమ్మిది రోజులు జింకల సీజన్, లైసెన్స్ కొనుక్కుని, ఒంటి మీద ఆరెంజ్ చొక్కా వేసుకుని వెళ్తాం. పింక్ కూడా వేసుకోవచ్చు, 2016 నుంచి. అక్కడ మాత్రం 1972 వన్యప్రాణి చట్టం ఉంది, వేట ఊసెత్తకండి. వడ్రంగం వరకు చూసి ఆనందించండి.

ఇప్పుడు దొంగతనం సంగతి. నా మొదటి స్టాక్ వాల్నట్టే. ఏకచెక్క. అబ్బో, దాని నునుపు, ఆ రేఖలు, నెల రోజులు నూనె రుద్దాను, మా ఆవిడ “పిల్లాడికి కూడా ఇంత నలుగు పెట్టలేదు నువ్వు” అంది. సెప్టెంబర్‌లో వంద గజాల దగ్గర గురి సరిచేసుకున్నాను, బొట్టు పెట్టినట్టు మధ్యలో పడింది. నవంబర్‌లో అదే రైఫిల్, అదే తూటాలు, అదే నేను. మూడు అంగుళాలు ఎడమకి! గురి చూసే దుర్బిణీ ఉంటుందే, ఆ స్కోప్‌ని తిట్టాను, తూటాల్ని తిట్టాను, కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చాను, నిజం. చివరికి ఒక పెద్దాయన జేబులోంచి డాలర్ నోటు తీసి, తుపాకీ గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చి లాగాడు. సగం దూరం వచ్చి ఆగిపోయింది, అంటే అక్కడ చెక్క గొట్టానికి తగులుతోందన్నమాట. ఎండాకాలమంతా బేస్‌మెంట్ తేమ తాగి, చలికాలం హీటర్ గాలికి ఎండి, చెక్క మెలి తిరిగి గొట్టాన్ని పక్కకి నొక్కుతోంది. నేను గురి పెడుతున్నాను, చెక్క దాన్ని మారుస్తోంది.

చెక్క ఎందుకిలా చేస్తుందంటే, అది అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకోదు. నల్ల వాల్నట్ పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి వెడల్పులో ఒక దిక్కున దాదాపు 8 శాతం తగ్గుతుంది, ఇంకో దిక్కున ఐదున్నర, పొడవులో చూస్తే ఉందా లేదా అన్నంత. ఈ తేడా ఉంది చూశారూ, అదే మెలిక. ఒకే చెక్క అయితే మొత్తం ఒకే వైపుకి లాగుతుంది, ఆపేవాడు లేడు. అదే పొరలు అనుకోండి, ఒకటి ఎడమకి లాగితే పక్కది కుడికి లాగుతుంది, మధ్యలో జిగురు ఇద్దర్నీ పట్టుకుని కూర్చోబెడుతుంది. అస్సలు కదలదని నేను అనట్లేదు. మెలి తిరగదు అంటున్నాను.

ఇంకోటి, “ప్లైవుడ్” అన్నవాళ్ల కోసం. ప్లైవుడ్‌లో పొరలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం. స్టాక్‌లో అన్నీ ఒకే దారిలో, పొడవునా ఉంటాయి. ఇద్దరూ వేరు!

జర్మన్లు దీన్ని 1930ల చివర్లోనే పట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాళ్ల సైన్యం వాడిన మౌజర్ కే 98 కే రైఫిళ్లకి బీచ్ చెక్క పొరలు రెసిన్‌తో వేడి మీద అదిమి లక్షల్లో స్టాకులు చేశారు. మంచి వాల్నట్ దుంగ ఏళ్ల తరబడి ఆరాలి, యుద్ధం ఆగుతుందా? అమెరికాలో వెర్మాంట్ రట్లాండ్‌లో ఒక ప్లైవుడ్ కంపెనీ ఉండేది, పెద్ద పెద్ద తుపాకీ కంపెనీలకి రంగురంగుల పొరల దిమ్మెలు అక్కడి నుంచే వెళ్లేవి. 2014 ఆగస్టులో ఫ్యాక్టరీ కాలిపోయింది, దాంతో మార్కెట్‌లో పొరల స్టాకులకి కటకట. ఎవరూ కొనని చెత్తకి కటకట వస్తుందా, చెప్పండి?

నా థియరీ ఏంటంటే, ఈ ఏకచెక్క మోజు గురి గురించి కాదు, గోడకి తగిలించుకోవడం గురించి. బొబ్బిలి వీణ తెలుసు కదా, గొల్లపల్లిలో చేస్తారు, ఒకే పనస దుంగని తొలిచి, అందుకే ఏకాండి వీణ అంటారు. మా తాతయ్య “అతుకు లేనిదే అసలైంది” అనేవాడు. వీణ విషయంలో నేను నోరెత్తను. కానీ వీణకి చెక్క మోగాలి, తుపాకీకి చెక్క మూగబోవాలి. వీణ మీద భక్తిని తెచ్చి రైఫిల్ మీద పెడితే ఎలా?

సరే, నేనెలా చేశానో గబగబా. పావు అంగుళం పలకలు తొమ్మిది, వాల్నట్, మేపుల్ మార్చి మార్చి, మొత్తం రెండుంపావు అంగుళాల మందం. తేమ 6 నుంచి 8 శాతానికి వచ్చేదాకా ఇంట్లోనే ఉంచాను. చిత్రిక పట్టిన రోజే అతికించాలి, ఆలస్యమైతే పట్టు తగ్గుతుంది. ఇక జిగురు. ఇక్కడ కొంపలు మునుగుతాయి. మామూలు తెల్ల జిగురు కుర్చీకి సరిపోతుంది, కానీ ఎప్పుడూ బరువు మీద ఉంటే మెల్లగా జారుతుంది, జూలైలో కారు డిక్కీలో పెడితే మెత్తబడుతుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అదే రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు, అది వాడండి. నేను మొదటిసారి ఎపాక్సీ వేసి క్లాంపుల్ని గానుగ ఆడించినట్టు బిగించాను, జిగురంతా బయటికి కక్కేసింది, రెండు రోజుల తర్వాత రంపం పెడితే కొత్త పుస్తకం తెరుచుకున్నట్టు పలకలు విడిపోయాయి. ఎపాక్సీకి ఒత్తిడి కాదు, పలకల మధ్య పల్చటి పొరగా చోటు కావాలి. అంచు మీద సన్నటి పూసలాగా కనబడగానే బిగించడం ఆపెయ్యండి.

తర్వాత ఇనప భాగం కూర్చునే చోట ఎపాక్సీతో పరుపు వేస్తారు, బెడ్డింగ్ అంటారు. దానికి ముందు ఇనుముకి మైనం పూయడం మర్చిపోయారో, మీ రైఫిల్, మీ స్టాక్ జన్మజన్మల బంధం. నేను బూట్ పాలిష్ రుద్దుతాను, నవ్వకండి, పనిచేస్తుంది. గొట్టం మాత్రం దేనికీ తగలకుండా గాల్లో ఉండాలి.

లోపాలు లేవా అంటే, బరువు. కొండెక్కేటప్పుడు తెలుస్తుంది, భుజం తిడుతుంది. కానీ ఆ బరువే పేల్చినప్పుడు దెబ్బని కొంచెం మింగుతుంది. అందం అంటారా, వంపుల దగ్గర ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు చారలొస్తాయి, మా ఆవిడకి నచ్చలేదు, నాకు పిచ్చిగా నచ్చింది.

ఇప్పుడు వాల్నట్ భక్తులకి పందెం. రైఫిల్ ఖాళీ చెయ్యండి, ఖాళీ అయిందని రెండోసారి కూడా చూడండి, నోటు తీసుకుని గొట్టం కింద ముందు నుంచి వెనక్కి లాగండి. ఇవాళ ఒకసారి, నవంబర్‌లో హీటర్ వేశాక ఇంకోసారి. రెండుసార్లూ నోటు ఎక్కడ ఆగిందో వీడియో తీసి పంపండి. నాది ఇదిగో, చూడండి, లాగుతున్నా… వచ్చేసింది.