తాబేళ్ల తీరం, నోలియాల బడి

శ్రోతలకు నమస్కారం.

ఒకనాడు బర్మా వెళ్లే ఓడలు ఆగిన రేవు మన బరంపురం పక్కనున్న గోపాలపురం. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేవరకు గంజాం ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం. ఒడియావారు నోలియాలని పిలిచే ఇక్కడి మత్స్యకారుల ఇళ్లలో నేటికీ తెలుగే వినిపిస్తుంది.

2016-17లో కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద గోపాలపురాన్ని, చిలికా సరస్సు ఒడ్డునున్న బర్కుల్, సాతపడాలను, తంపారా సరస్సును ఒక పర్యాటక వలయంగా కలిపి, 70 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసింది. మంచి రోడ్డు, మరుగుదొడ్డి, వీధిదీపం ఉన్నచోట సందర్శకుడు ఇంకో పూట ఆగుతాడు. చేపలు వేయించి అమ్మే ఆమెకూ ఆటో నడిపే కుర్రవాడికీ ఆ పూటే ఆదాయం. కానీ హోటలు పెట్టుబడి, మేనేజరు, చివరకు కూరగాయలు కూడా బయటినుంచే వస్తే, గది అద్దెలో ఊరికి దక్కేది ఊడ్చినవారి కూలి మాత్రమే. లెక్కలు రాయగలిగి, రెండు మూడు భాషలు మాట్లాడగలిగిన పిల్లలు వాడలో ఉంటేనే ఆ డబ్బు ఊళ్లో నిలుస్తుంది.

ఇంట్లో తెలుగు విని, బడిలో ఒడియా అక్షరాలతో మొదలుపెట్టే పిల్లవాడికి తొలి ఏడాదే ఏటికి ఎదురీత. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతోంది. ఆ వసతి లేనిచోట, డిసెంబరు రద్దీలో గవ్వల దండలమ్మితే చేతిలో పడే చిల్లర పాఠాన్ని సులువుగా మరిపిస్తుంది. పూట గడవని తల్లిని ఇందుకు తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు.

ఉత్తరాన రుషికుల్య నది ముఖద్వారం దగ్గర 2025 ఫిబ్రవరిలో 6 లక్షలకు పైగా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఇసుకలోంచి రాత్రివేళ బయటపడే పిల్లలు సముద్రంమీది వెలుగును బట్టి నీటివైపు సాగుతాయి. ఒడ్డున దీపాలు వెలిగితే దారితప్పి ఊరివైపు తిరుగుతాయి. ఈ తాబేళ్లకోసమే నవంబరు 1 నుంచి మే 31 వరకు అక్కడ చేపలవేటపై ఆంక్షలుంటాయి. వేట తగ్గే ఆ నెలల్లోనే సందర్శకులు పెరుగుతారు కనుక, అలల పోకడ, లోపలికి లాగే ప్రవాహాల జాడ తరతరాలుగా తెలిసిన నోలియాలకు ప్రాణరక్షకులుగా, తాబేళ్ల మార్గదర్శకులుగా శిక్షణనిచ్చి జీతమిస్తే ఆ లోటు కొంత పూడుతుంది. తీరంలో వసూలయ్యే పార్కింగు రుసుములో ఒక వంతు వాడలోని సాయంత్రపు తెలుగు తరగతికి కేటాయించి, పెద్దలచేత ఆ సముద్రపు చదువును పిల్లలకు చెప్పించాలని పంచాయతీ పెద్దలను కోరుతున్నాను.

నమస్కారం.