వాయిదా పడింది, సరే... ఎందుకు పడింది?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

నిర్వాహకురాలు: నమస్కారం. కోర్టు పేరు చెబితే ఊళ్లల్లో ఇంకా భయమే. కోర్టులు జనంతో ఎలా మాట్లాడాలి? సార్, మీరు మొదలుపెట్టండి.

న్యాయవాది: ఏం జరుగుతోందో తెలియకే ఆ భయమమ్మా. పుత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయన పొద్దున్నే బస్సెక్కి వస్తాడు. బంట్రోతు పేరు పిలుస్తాడు, రెండు నిమిషాల్లో అయిపోతుంది. బయటికొచ్చి "ఏమైంది సార్?" అంటాడు. "వాయిదా పడింది" అంటాను. ఎందుకు పడిందో నేనూ చాలాసార్లు చెప్పలేదు. ఆ తప్పు మా వకీళ్లదే.

నిర్వాహకురాలు: ఇప్పుడు ఫోన్లో చూసుకోవచ్చు కదా?

న్యాయవాది: చూసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబర్, అంటే ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే నంబర్ కొడితే వాయిదా తేదీ, ఆర్డర్లు కనిపిస్తాయి. అంకెలు, అక్షరాలు కలిపి 16 ఉంటాయి. అలాంటి నంబర్ ఒకటుందని కక్షిదారుకు చెప్పేదెవరు?

పారా లీగల్ వాలంటీర్ (జనానికి న్యాయ సహాయం గురించి చెప్పే కార్యకర్త): సత్యవేడు వైపు కొన్ని ఇళ్లల్లో తమిళమే మాట్లాడతారు మేడం. సమన్లు రాగానే అరెస్టు చేస్తారేమోనని ఒకామె రెండు రోజులు అన్నం ముట్టలేదు. తీరా చూస్తే పొలం గట్టు తగాదాలో సాక్ష్యానికి రమ్మన్నారంతే. విడమరిచి చెప్పాక ఏడ్చేసింది.

నిర్వాహకురాలు: ఉచిత న్యాయ సహాయం గురించి తెలుసా వాళ్లకి?

వాలంటీర్: పేదలకు మాత్రమే అనుకుంటారు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనే లేదు. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. ఇది సంతలో, డ్వాక్రా మీటింగుల్లో నోటితో చెప్పాలి. చదువు రానివాళ్లకి గోడ మీద పోస్టర్ ఎందుకు?

న్యాయవాది: రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్ సంగతీ అంతే. కోర్టులో ఉన్న కేసు అక్కడ రాజీ అయితే కట్టిన ఫీజు వెనక్కొస్తుందని అందరూ చెబుతారు. అక్కడిచ్చే అవార్డు, అంటే తీర్పు మీద అప్పీలు ఉండదని కూడా సంతకానికి ముందే చెప్పాలి. తర్వాత తెలిస్తే మోసపోయామనుకుంటారు, ఆ మాట ఊరంతా పాకుతుంది.

నిర్వాహకురాలు: ఒక్క మార్పు అడగమంటే?

వాలంటీర్: కోర్టు హాలు బయట ఒక మనిషి కావాలి. ఈరోజు ఇది జరిగింది, ఫలానా తేదీకి ఈ కాగితాలు తెచ్చుకోండి అని తెలుగులో, అవసరమైతే తమిళంలో చెప్పడానికి.

న్యాయవాది: కక్షిదారులకు కేసు వివరాలు చెప్పే ఈ-సేవా కేంద్రం ఉన్న కోర్టుల్లో ఆ పని అక్కడే మొదలుపెట్టొచ్చు. నా వరకు నేను, రేపటి నుంచి ప్రతి కక్షిదారుకూ సీఎన్ఆర్ నంబర్ కాగితం మీద రాసిస్తాను.

వాలంటీర్: దాని కిందే వాయిదా ఎందుకు పడిందో కూడా రాయండి సార్.