గిన్నెడు నీళ్ల సాక్ష్యం

అందరికీ నమస్కారం. బల్ల మీద ఈ నీళ్ల గిన్నె ఎందుకా అని ఇందాకటి నుంచి చూస్తున్నారు. ఈ రోజు మాట్లాడేది దాని గురించే: చనిపోయిన పసికందు పుట్టాక ఊపిరి తీసుకుందా లేదా అని నీళ్లతో చూసే పరీక్ష.

జర్మనీలో లైప్‌జిగ్‌కు దక్షిణాన జైట్స్ అనే ఊరుంది. 1680ల మొదట్లో అక్కడి వైద్యుడు యోహాన్ ష్రైయర్ దగ్గరికి చనిపోయిన ఒక పసికందు కేసు వచ్చింది. తల్లి పల్లెటూరి పిల్ల, వయసు 15 ఏళ్లు. బిడ్డను చంపిందని ఆమె మీద నేరం మోపారు.

ఆ రోజుల్లో ఈ నేరానికి శిక్ష ఏమిటో తెలిస్తే ఆ పిల్ల టెన్షన్ అర్థమవుతుంది. జర్మన్ రాజ్యాల్లో అమలైన 1532 నాటి కరోలినా శిక్షాస్మృతి ప్రకారం బిడ్డను చంపిన తల్లిని నీళ్లలో ముంచి చంపవచ్చు, సజీవంగా పూడ్చిపెట్టవచ్చు. గర్భం దాచి, ఒంటరిగా ప్రసవించి, "బిడ్డ చనిపోయే పుట్టింది" అంటే ఆ మాట నమ్మేవారు కాదు. నిజం చెప్పించడానికి చిత్రహింస పెట్టడానికి కూడా చట్టం ఒప్పుకునేది. దెబ్బలకు ఓర్చుకోలేక చేయని నేరం ఒప్పుకున్న తల్లులు ఎందరో! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అయితే అదే కరోలినా, మరణం సంగతి తేల్చడానికి వైద్యం తెలిసినవాళ్లను పిలవమని కూడా చెప్పింది. ష్రైయర్‌కు దారి దొరికింది అక్కడే.

ఆయన బిడ్డ ఊపిరితిత్తులను నీళ్లలో వేశాడు. అవి మునిగిపోయాయి.

దీని వెనక ఉన్న సంగతి చాలా తేలిక. కడుపులో బిడ్డ గాలి పీల్చదు కాబట్టి ఊపిరితిత్తులు గట్టిగా, నీటికంటే కాస్త బరువుగా ఉంటాయి. నీటి సాంద్రత 1 అనుకుంటే వీటిది సుమారు 1.04. ఊపిరి తీసుకున్నాక గాలి నిండి 0.94కు తగ్గుతుంది, నీళ్లలో వేస్తే తేలతాయి. డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ 1667లోనే ఈ తేడా గురించి రాశాడు. కానీ దాన్ని చదువు గదిలోంచి కోర్టుకు తెచ్చి, ఒక ఆడపిల్ల ప్రాణం తరఫున నిలబెట్టింది ష్రైయర్. నా దృష్టిలో ఆయన గొప్పతనం అదే. 1690లో ఈ పరీక్ష మీద ఒక పుస్తకం కూడా వేశాడు.

ఇప్పుడు మీరు జాగ్రత్తగా వినాల్సిన భాగం. ఈ పరీక్ష తప్పు కూడా చెబుతుంది. శవం కుళ్లితే పుట్టే వాయువులకు ఊపిరి తీయని ఊపిరితిత్తులూ తేలతాయి. ఎవరైనా బతికిద్దామని నోట్లో గాలి ఊదినా తేలవచ్చు. కాసేపు బతికిన బిడ్డ ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోకపోతే మునగవచ్చు. లండన్ వైద్యుడు విలియం హంటర్ రాసిన వ్యాసం ఈ అనుమానాలన్నీ గట్టిగా లేవనెత్తింది; 1783లో ఆయన చనిపోయాక దాన్ని అక్కడి వైద్యుల ముందు చదివారు. "తేలింది, కాబట్టి చంపింది" అని తేల్చేయడం ఘోరమైన పొరపాటు. తేలడం, మహా అయితే, ఊపిరి తీసుకుందేమో అన్నంతవరకే చెబుతుంది. ఆ ఊపిరి ఎలా ఆగిందో ఏ నీళ్లూ చెప్పవు.

రేపు మీరు డాక్టర్లయ్యాక మీ పోస్టుమార్టం బల్ల మీదికి పొదల్లో దొరికిన ఒక పసికందు వస్తుంది. బయట పోలీసులు రిపోర్టు కోసం తొందరపెడుతుంటారు. ఎక్కడో ఒక తల్లి భయంతో వణుకుతూ ఉంటుంది. ముందు ఊపిరితిత్తులు మొత్తంగా వేయండి, తర్వాత ముక్కలుగా కోసి వేయండి, ఆ ముక్కలను గట్టిగా నొక్కి మళ్లీ వేయండి. పక్కనే కాలేయం ముక్క ఒకటి వేసి చూడండి. అదీ తేలిందంటే శవం కుళ్లిందన్నమాట, ఇక ఆ పరీక్షను పక్కన పెట్టి, ఎందుకు పెట్టారో రిపోర్టులో రాయండి.