ఒకే టీపొడి, రెండు రకాల నీళ్లు

ఈ రెండు గ్లాసులు చూడండి. రెండింట్లోనూ ఉన్నది టీనే. పాలు పోయలేదు, పంచదార వేయలేదు. ఒకే ప్యాకెట్లోంచి ఒకే చెంచాతో పొడి తీశాను. రెండూ నాలుగు నిమిషాలే మరిగించాను. కెమెరా ఇంకొంచెం దగ్గరికి తెస్తున్నా. ఎడమ పక్క గ్లాసులో టీ తోమిన రాగి చెంబు రంగులో ఉంది. అడుగున గ్లాసు గీతలు కూడా కనిపిస్తున్నాయి. కుడి పక్క గ్లాసు నల్లగా, మబ్బుగా ఉంది. పైన పలచటి పొర కట్టింది చూశారా? గ్లాసును కాస్త వంచితే ఆ పొర ఎండిన చెరువు మట్టిలాగా బీటలు వారుతోంది.

పొడిలో ఏ తేడా లేదు. ఎడమది క్యాన్ నీళ్లతో పెట్టిన టీ, కుడిది మా ఇంటి బోరు నీళ్లతో పెట్టిన టీ.

నేను పుట్టి పెరిగింది నెల్లూరులో. మా ఇంట్లో కుళాయి తిప్పితే పెన్న నీళ్లు. పెళ్లయ్యాక కనిగిరి పక్కన పల్లెకి వచ్చాను. వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే, అమ్మ సంచిలో పెట్టి పంపిన టీపొడితోనే అందరికీ టీ పెట్టాను. కొలత అదే, అల్లం అదే, చెయ్యి అదే. తాగితే మా ఇంటి టీ కాదు. చప్పగా, నాలుక మీద సుద్ద రాసినట్టుగా ఉంది. "అత్తమ్మా, పాలు పాడైనట్టున్నాయి" అన్నాను. ఆమె ఒక గుక్క తాగి, "పాలు బాగానే ఉండాయి తల్లీ, మన నీళ్లే అంత. మా కాలంలో టీకీ పప్పుకీ మంచినీళ్ల బావి నుంచి వేరుగా బిందె తెచ్చుకునేవాళ్లం. ఈ నీళ్లతో కందిపప్పు అయినా ఉడుకుద్దా?" అంది.

ఆ మాట నా మనసులో అలాగే ఉండిపోయింది. టీ గురించి వీడియోలు చేయాలనుకున్నప్పుడు మొదట నీళ్ల గురించే చెప్పాలని అందుకే అనుకున్నాను. ఏ టీపొడి మంచిది, ఏ ఆకు ఖరీదు అని అడుగుతారు గానీ, గ్లాసులో తొంభై పాళ్ల పైన ఉండేది నీళ్లే కదండీ.

మన పడమటి ఊళ్ల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. వంటసోడాలో ఉండే బైకార్బనేట్లు కూడా ఎక్కువ. టీ ఆకులో ఉండే వగరు పదార్థాలు గాలి తగిలినప్పుడు ఆ కాల్షియంతో కలిసి పైన పొర కడతాయి. బైకార్బనేట్లు టీని నల్లబరుస్తాయి, రుచిలో ఉండే చురుకును చంపేస్తాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అదీ ఈ ఉప్పుల పనే. మరిగిస్తే ఈ ఉప్పుల్లో కొంత భాగం అలా అడుగుకు దిగుతుంది, మిగతాది నీళ్లలోనే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. ఇది రుచి విషయం కాదు, ఆరోగ్యం విషయం. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య ఉందని మనందరికీ తెలుసు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్న పిలకాయలు, నడుము వంగిపోయిన పెద్దవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. చాలామంది "బాగా కాచి తాగుతున్నాం, ఏమీ కాదు" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో అది చిక్కబడుతుంది. పొయ్యి మీద గంటల తరబడి కాగే టీ డికాక్షన్ సంగతి మీరే ఆలోచించండి.

దీనికి తోడు టీ చెట్టు తన వంతుగా మట్టిలో ఉన్న ఫ్లోరైడ్‌ను లాక్కుని ఆకులో దాచుకుంటుంది. చిగురులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. అందుకని ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లో బోరు నీళ్లతో రోజుకు ఏడెనిమిది స్ట్రాంగ్ టీలు తాగడం మంచిది కాదు. టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదండీ. టీ మానేయమనీ అనను, నేనే మానలేను. టీకి వాడే నీళ్లు మార్చండి, అంతే. ఆర్వో నీళ్లయితే ఫ్లోరైడ్ చాలావరకు పోతుంది. మీ బోరులో ఎంత ఉందో చూసి చెప్పలేం, టీ రంగు చూసి అసలే చెప్పలేం. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల ల్యాబుల్లో పరీక్ష చేస్తారు. ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లి ఇవ్వండి.

సరే, నీళ్లు మార్చాం. ఇప్పుడు ఆకు దగ్గరికి వద్దాం.

గ్రీన్ టీ, బ్లాక్ టీ, వైట్ టీ, ఊలాంగ్, అన్నీ ఒకే చెట్టు ఆకులు. కోశాక ఆ ఆకును ఏం చేశారన్నదే తేడా. కోసిన వెంటనే వేడి చూపిస్తే పచ్చదనం నిలబడి గ్రీన్ టీ అవుతుంది. నలిపి, గాలికి వదిలి, ఎర్రబడనిస్తే బ్లాక్ టీ. మనం రోజూ వాడే గుండ్రటి గింజల్లాంటి పొడి కూడా బ్లాక్ టీనే. దాన్ని సీటీసీ అంటారు. ఆకును నలిపి, చింపి, ఉండ చుట్టే యంత్రం 1930ల్లో అస్సాంలో వచ్చింది. ఆ గింజ త్వరగా దిగుతుంది, రంగు బాగా ఇస్తుంది, గేదె పాలకు తట్టుకుంటుంది. మన టీ అంగళ్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. డార్జిలింగ్ ఆకు తెచ్చి అదే పద్ధతిలో పాలల్లో మరిగిస్తే మాత్రం డబ్బులు వృథా. దాని పరిమళం పాలలో కలిసిపోతుంది, చేదే మిగులుతుంది.

గ్రీన్ టీ చేదని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఆ చేదు సలసల కాగే నీళ్ల వల్ల వచ్చింది. దానికి ఎనభై డిగ్రీల వేడి చాలు. మన ఇళ్లలో థర్మామీటరు ఎక్కడిది? ఒక లెక్క చెప్తాను. మూడు గ్లాసుల మరిగిన నీళ్లలో ఒక గ్లాసు మామూలు నీళ్లు కలపండి. మన ఊళ్లో మామూలు నీళ్లు ముప్ఫై డిగ్రీలుంటాయి కాబట్టి కలిసినవి ఎనభై, ఎనభై రెండు దగ్గరికి వస్తాయి. కలిపే నీళ్లు కూడా తాగే నీళ్లే అయి ఉండాలి, మర్చిపోవద్దు. ఒక కప్పుకు చిన్న చెంచాడు ఆకు, రెండు నిమిషాలు, వడకట్టేయడం. ఒకసారి ఇలా తాగి చూడండి. లేత మొక్కజొన్న కండె ఉడికేటప్పుడు వచ్చే వాసన గుర్తొస్తుంది.

ఇక తులసి, నిమ్మగడ్డి, శొంఠి లాంటివి. వీటిని హెర్బల్ టీ అంటున్నాం గానీ వీటిలో టీ ఆకు లేదు. కెఫీన్ లేదు, కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు కూడా తాగొచ్చు. ఇవి మనకు కొత్త కాదు. ఆయుర్వేదంలో వీటికి పద్ధతి ప్రకారం పేర్లున్నాయి. చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి తీసేది హిమం. వేడి నీళ్లు పోసి మూతపెట్టి కాసేపు ఉంచి తీసేది ఫాంటం. మరిగించి ఇంకించేది క్వాథం, అంటే మనం కషాయం అనేది. ఈ మూడు మాటలు గుర్తుంటే ఏ మూలికను ఎలా చేయాలో తికమక ఉండదు. ఆకులు, పూలు అయితే ఫాంటం. వేళ్లు, బెరళ్లు, శొంఠి లాంటి గట్టివైతే క్వాథం. వట్టివేరు, ధనియాలు లాంటి చలవ చేసేవైతే హిమం. ఈ రోజుల్లో కోల్డ్ బ్రూ అంటున్నది హిమమే. గ్రీన్ టీ ఆకును రాత్రి చల్లటి నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడకడితే చేదు దాదాపు ఉండదు. రోహిణి కార్తె ఎండల్లో నాకు అదే ప్రాణం.

నిమ్మగడ్డి ఇప్పుడు చేస్తున్నా, చూడండి. పెరట్లో కోసిన నాలుగు ఆకులు. కత్తిరించే ముందు కడిగాను. ఈ ఆకు అంచు బ్లేడులాగా కోసేస్తుంది, జాగ్రత్త. అంగుళం ముక్కలు చేసి, రోట్లో ఒక్క దెబ్బ వేస్తే చాలు. నూరొద్దు. నీళ్లు మరిగాయి, పొయ్యి ఆపేశాను. ఆకు వేసి వెంటనే మూత పెట్టాను. ఇప్పుడు ఏడు నిమిషాలు దీన్ని కదిలించొద్దు. మనకు కావలసిన నూనె ఆవిరితో పాటు పైకి లేస్తుంది. మూత లేకపోతే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, గ్లాసులో ఏమీ మిగలదు. ఏడు నిమిషాలయ్యాయి. మూత తీసి తిరగేస్తున్నా. లోపల వైపు చిన్న చిన్న చుక్కలు పట్టి ఉన్నాయి చూశారా? వాటిని సింకులో దులపొద్దు. ఇదిగో, ఇలా వంచి గిన్నెలోకే జార్చండి. వాసనంతా ఆ చుక్కల్లోనే ఉంది. కలపడానికి నేను వాడుతున్నది ఉదయగిరి చెక్క చెంచా. వేడికి చెయ్యి కాలదు, గిన్నె గీసుకోదు.

ఇప్పుడు మా పిలకాయలకు బాగా ఇష్టమైంది. శంఖుపుష్పాలు. దడికి పాకే నీలం పూల తీగ, పూజకు కోస్తాం, అదే. ఐదు ఎండు పూలు చొప్పున రెండు గిన్నెల్లో వేశాను. ఒకదాంట్లో క్యాన్ నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు. రెండూ నీలంగానే వచ్చాయి. ఇప్పుడు చిన్న టీ గ్లాసుల్లోకి పోసి నిమ్మరసం చుక్కలు వేస్తున్నా. నిమ్మకాయ గూడూరుది, మొన్న అమ్మ పంపింది. క్యాన్ నీళ్ల గ్లాసులో ఒకటి, రెండు, మూడు. మూడో చుక్కకే ఊదా రంగుకు తిరిగింది. ఇప్పుడు బోరు నీళ్ల గ్లాసు. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. ఆరు, ఏడు. పడిన చోట ఊదా తీగ ఒకటి లేస్తోంది, మళ్లీ నీలంలో కలిసిపోతోంది. పది. పన్నెండు. పదిహేను దాటాక ఇప్పుడు మారింది.

ఆ పూల రంగు పులుపుకు మారే రంగు. బోరు నీళ్లలో బైకార్బనేట్లు ముందుగా వచ్చిన పులుపునంతా మింగేశాయి. అవి అయిపోయాకే నిమ్మరసం పని మొదలైంది. మొదట చూపించిన నల్లటి టీలో జరిగిందీ ఇదే. ఆ కుడి గ్లాసులో కూడా నిమ్మరసం పిండుతున్నా. చూడండి, నలుపు తగ్గి రాగి రంగు వచ్చింది, పొర విడిపోయింది. బయటికెళ్లినప్పుడు నీళ్లు ఎలాంటివో తెలియని చోట నేను లెమన్ టీ అడగడానికి కారణం ఇదే. అయితే ఒక మాట. నిమ్మరసం రుచినీ రంగునూ సరిచేస్తుంది, ఫ్లోరైడ్‌ను తీసేయదు. ఆ రెండూ కలిపి అర్థం చేసుకోకండి.

పాల టీ గురించి రెండే మాటలు, మిగతాది మీ అందరికీ వచ్చు. అల్లాన్ని దంచి ముందు నీళ్లలో బాగా మరగనివ్వండి, తర్వాతే పాలు పోయండి. పచ్చి అల్లానికి పాలను విరిచే గుణముంది, మరిగితే అది పోతుంది. బెల్లం వేసేవాళ్లు పొయ్యి ఆపాక, చివర్లో వేయండి.

ఆడవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. అన్నం తిన్న వెంటనే టీ తాగకండి. ఆకుకూర, పప్పుల్లో ఉన్న ఇనుమును టీలోని వగరు పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. రక్తం తక్కువని గోంగూర, తోటకూర వండుకుని తిని, చెయ్యి కడుక్కోగానే టీ తాగితే తిన్నదాంట్లో చాలావరకు వృథాగా పోతుంది. కనీసం గంట ఆగండి. మా అత్తమ్మకు ఇది అలవాటు చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆమెకు నిమ్మగడ్డి నీళ్లే ఇస్తున్నా, టీ నాలుగింటికి.

తంగేడు పూల టీ చేసి చూపించమని చాలామంది అడిగారు. మన మెట్ట పొలాల గట్ల మీద విరగబూస్తుంది, పసుపు పచ్చగా. ఆ చెట్టుకు మాతూరా టీ అనే పేరు కూడా ఉంది, ఆ పూలూ ఆకులూ ఎప్పటినుంచో కాచి తాగుతున్నవే. అయితే షుగరు తగ్గుతుందని దీన్ని నమ్ముకుని మాత్రలు మానేసిన మనిషి మా బంధువుల్లోనే ఉన్నారు. పాదానికి పుండు పడి చాలా బాధపడ్డారు. రుచి కోసం తాగండి, మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు. పురుగుమందు కొట్టే చేను పక్క పూలు కోయొద్దు, రోడ్డు వారవి అసలు వద్దు. నేను మొన్న ఆదివారం మా కంది చేను గట్టు మీద కోశాను, ఈసారి కందికి మేం మందు కొట్టలేదు. నీడన పాత చీర మీద ఆరబోశాను. రెక్కలు ఇంకా మెత్తగానే ఉన్నాయి, పట్టుకుంటే విరగడం లేదు. గలగలలాడేలా ఎండాక, వచ్చే వారం కాచి చూపిస్తాను, క్యాన్ నీళ్లతోనే.